సైబీరియా కొంగల త్రోవ

అంతర్జాతీయ సహకారమను మాట సభలలో వినుటకు ఇంపుగనే యుండును. దానికి ఖర్చు తక్కువ, చప్పట్లు ఎక్కువ. వన్యప్రాణి సంరక్షణమున ఆ మాట ఎచ్చట ఫలించినదో, ఎచ్చట త్రోవ తప్పినదో తెలిసికొనగోరువారు రాజస్థానములోని భరత్‌పూర్ చరిత్రను ఒకమారు చదువవలెనని మా అభిప్రాయము.

భరత్‌పూర్ చెంత కేవలాదేవ్ అను చిత్తడినేల కలదు. దాని వైశాల్యము 29 చదరపు కిలోమీటర్లు మాత్రమే. రాజుల కాలమున అది బాతుల వేటకై ఏర్పడిన తావు. 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు వచ్చినపుడు జరిగిన వేటలో ఒక్కదినమున 4,273 పక్షులు నేలకూలినవి. ఘనకార్యమేదో చేసినట్లు ఆ లెక్కను రాతిపై చెక్కించిరి కూడ. అట్టి తావే 1981లో రామ్‌సార్ జాబితాలో చేరి, 1982లో జాతీయోద్యానమై, 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలమైనది. రామ్‌సార్ అనునది ఇరాన్ దేశమున కాస్పియన్ సముద్రపుటొడ్డున నున్న పట్టణము. 1971 ఫిబ్రవరి 2న అచ్చట పలుదేశముల ప్రతినిధులు కూడి చిత్తడినేలల రక్షణకై ఒడంబడిక చేసికొనిరి. మన కొల్లేరు సయితము 2002లో ఆ జాబితాకెక్కినది.

కేవలాదేవ్‌కు ప్రపంచమున పేరు తెచ్చినది సైబీరియా కొంగ. కొంగ అని వాడుకగా అనుచున్నాము గాని, అది మన చెరువుగట్టు కొంగల జాతి కాదు; సారసముల కోవకు చెందినది. తెల్లని మేను, ఎఱ్ఱని ముఖము, రెక్క విప్పినపుడు మాత్రమే కనబడు నల్లని ఈకలు. పశ్చిమ సైబీరియాలో ఓబ్ నదీ ప్రాంతపు చిత్తళ్లలో పిల్లలను చేసి, చలి ముంచుకొనివచ్చు వేళ కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్‌ల మీదుగా ఐదువేల కిలోమీటర్లకు పైగా ఎగిరి భరత్‌పూర్ చేరి, నీటి అడుగున తుంగదుంపలు త్రవ్వుకొని తినుచు శీతకాలము గడపెడిది. 1960 ప్రాంతములలో అచ్చట సుమారు రెండువందల కొంగలు లెక్కకు వచ్చుచుండెను. పిమ్మట సంఖ్య ఏటేట తరిగినది. 2001-02 శీతకాలమున ఒక్క జంట కనబడినది. నాటినుండి భరత్‌పూర్ నీటిలో ఆ తెల్లని నీడ పడలేదు.

ఇందులకు కారణము పరదేశములలోనే యున్నదనుట సులభము. ఇంటి తప్పును ముందు చెప్పుకొనవలెను. 1982లో ఉద్యానమున గేదెల మేత నిషేధింపబడినది. తరతరములుగా అచ్చట పశువులను మేపుకొనుచున్న గ్రామస్థులతో సంప్రదించి, ప్రత్యామ్నాయము చూపి చేసిన పని కాదది. అలజడి రేగినది, పోలీసు కాల్పులలో పలువురు గ్రామస్థులు ప్రాణములు కోల్పోయిరి. తరువాత బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారి దీర్ఘపరిశోధనలో తేలినదేమనగా, గేదెలు లేకపోవుటచే నీటిగడ్డి దట్టముగ పెరిగి చిత్తడిని కప్పివేసినదని! పక్షులకై మనుష్యులను వెళ్లగొట్టగా, ఆ పనివలన పక్షులకే తావు ఇరుకైనది. నేలను ఎరిగినవారిని అడుగక చేసిన రక్షణము ఇట్లే యుండును.

ఇక త్రోవ మాట. ఒక్క ఉద్యానమును కంచెవేసి కాపాడుట మన చేతిలోని పని. నడుమనున్న ఐదువేల కిలోమీటర్లకు కంచె వేయువారెవరు? ఆఫ్ఘనిస్తాన్‌లోని అబ్-ఎ-ఇస్తాదా సరస్సు ఈ కొంగలకు విడిది. 1979 నుండి ఆ దేశము యుద్ధముల పాలైనది. తుపాకి మ్రోగుచోట వన్యప్రాణి శాఖ కాగితములకు విలువ యెంత? పాకిస్తాన్‌లో కుర్రం లోయవారు కూంజ్ పక్షులను ప్రాణముతో పట్టుటలో ఆరితేరినవారు. పెంపుడు కూంజ్‌ల చేత అరిపించి, రాత్రివేళ క్రిందికి దిగిన గుంపుపైకి సీసపు గుండు కట్టిన త్రాడు విసరుదురు. వారు గురిపెట్టునది సామాన్యజాతి సారసములకే. కాని చీకటిలో త్రాడునకు జాతిభేదము తెలియునా? వారిని క్రూరులనుటకు మేము ఒప్పుకొనము. అది అచ్చట తండ్రి కొడుకునకు నేర్పు విద్య, గౌరవముగల అలవాటు. నిషేధపు ఉత్తరువొకటి గోడకంటించినంత మాత్రమున అది మానిపోదు.

దేశములు ఊరకుండలేదు. వలసప్రాణుల రక్షణకై 1979లో జర్మనీలోని బాన్ నగరమున ఒడంబడిక జరిగినది. దాని క్రింద 1993లో సైబీరియా కొంగకై ప్రత్యేక అంగీకారపత్రము రూపొంది, త్రోవలోని దేశములు ఒకదాని వెంట ఒకటి చేవ్రాలు చేసినవి. విధివిలాసమేమో గాని, ఆ యేటి శీతకాలమున భరత్‌పూర్‌కు ఒక్క కొంగయు రాలేదు. 1996లో నాలుగు తిరిగి కనబడగా ఎందరో సంతోషించిరి. ఆ సంతోషము ఆరేండ్లు నిలిచినది.

అయినను సహకారము వ్యర్థమని మేము చెప్పుట లేదు. అమెరికా, సోవియట్ రాజ్యములు ఒకదానిపై ఒకటి క్షిపణులు గురిపెట్టియున్న దినములలో, 1977లో, సైబీరియా చిత్తళ్ల నుండి ఈ కొంగల గ్రుడ్లను జాగ్రత్తగా వెచ్చని పెట్టెలలో పెట్టి, విమానములపై విస్కాన్సిన్‌లోని అంతర్జాతీయ సారస సంస్థకు చేర్చిరి. అట్టి ప్రయాణములలో ఒకమారు ఒక పిల్ల విమానములోనే గ్రుడ్డు చీల్చుకొని బయటపడగా, దానికి రష్యా విమానసంస్థ పేరే, ఏరోఫ్లోట్ అని పెట్టిరి. ఆ పెంపకము వలన జాతి బందిఖానాలోనైనను నిలిచినది. చైనాలో పోయాంగ్ సరస్సునకు వచ్చు తూర్పు గుంపు నేటికిని వేలసంఖ్యలో నున్నది.

పోయినది జాతి కాదు, త్రోవ. ఈ కొంగపిల్ల త్రోవను పుట్టుకతో ఎరుగదు. తొలి ఏడు తల్లిదండ్రుల వెంట ఎగిరి నేర్చుకొనును. పెంచిన పిల్లలను సైబీరియాలో విడిచి చూచిరి. భరత్‌పూర్ దారి మరల ఏర్పడలేదు. ఇరాన్‌లోని ఫెరెయ్దున్‌కెనార్‌కు వచ్చు పశ్చిమపు గుంపులోను తుదకు ఒక్క మగకొంగ మిగిలి, ఏండ్ల తరబడి ఒంటరిగ వచ్చిపోవుచుండెను. దానికి అచ్చటి ప్రజలు పెట్టిన పేరు ఒమీద్. ఉర్దూ చదువు మా మిత్రులకు ఈ పేరును అనువదింప నక్కరలేదు. 2023లో బెల్జియం నుండి రోయా అను ఆడకొంగను తెచ్చి దానికి జతకూర్ప యత్నించిరి. దారి తెలిసిన ముసలివాడు ఒక్కడే మిగిలిన పిమ్మట చేసిన యత్నమది.

దీనికి ప్రక్కన నాగాలాండ్ కథను నిలిపి చూడుడు. చైనా, రష్యా ప్రాంతముల నుండి దక్షిణాఫ్రికాకు పోవు ఆమూర్ డేగలు నడుమ దోయాంగ్ జలాశయమున విడియును. 2012లో చేపల వలలు కట్టి వానిని వేలసంఖ్యలో పట్టి అమ్ముచుండుట బయటపడగా లోకము నివ్వెరపోయినది. మరుసటి యేడు పాంగ్తి గ్రామమున ఒక్క డేగయు చంపబడలేదు! ప్రభుత్వము, చర్చి పెద్దలు, గ్రామసభవారు కలసి కూర్చుండి మాటాడిన ఫలమది. అదే 2013లో మన శాస్త్రజ్ఞులు, హంగేరీ శాస్త్రజ్ఞులు మూడు డేగలకు ఉపగ్రహ సంకేత యంత్రములు కట్టిరి. వానికి పెట్టిన పేర్లు నాగా, వోఖా, పాంగ్తి. తన ఊరి పేరుగల డేగ అరేబియా సముద్రము దాటి ఆఫ్రికా చేరినదని వినిన పాంగ్తివాడు మరల వల కట్టునా? డేగలు లక్షలలో నుండెను, కొంగలు పదులలో నుండెను; కనుక పోలిక సంపూర్ణము కాదని ఒప్పుకొందుము. కాని ఒడంబడిక వలకట్టువాని గడపవరకు వెళ్లినచోట పని జరిగినది. రాజధానులలో ఆగినచోట జరుగలేదు.

బీదదేశమునకు పక్షులపై వ్యయమేల, ఇది ధనికదేశముల వినోదము కాదా యని మా తరగతులలోనే అడుగువారున్నారు. ప్రశ్న న్యాయమైనదే. అయితే చిత్తడినేల పక్షులకు మాత్రమే సత్రము కాదు. వరదనీటిని ఆపునది, బావులలో ఊట నిలుపునది, బెస్తవానికి కూడు పెట్టునది. కొల్లేరును 1999లో అభయారణ్యముగ ప్రకటించిరి. 308 చదరపు కిలోమీటర్ల ఆ ప్రాంతమున వెలసిన చేపలచెరువుల గట్లను 2006లో యంత్రములతో కొట్టించవలసి వచ్చినది. పెట్టుబడి పెట్టినవారు ఒకరు, జీవనము కోల్పోయిన బెస్తలు మరొకరు. భరత్‌పూర్ గేదెల పాఠము అచ్చట గుర్తుండవలసినది.

కళాశాల సంఘమువారికి మా విన్నపమొకటి కలదు. ప్రతి సంవత్సరము జనవరి మాసమున ఆసియా అంతటను నీటిపక్షుల గణన జరుగుచున్నది. 1987లో మొదలైన ఈ గణనలో మన దేశముతోపాటు పాకిస్తాన్ వంటి పలుదేశముల స్వచ్ఛంద కార్యకర్తలు ఒకే కాలమున ఎవరి చెరువును వారు లెక్కింతురు. దీనికి శాస్త్రపట్టము అక్కరలేదు. ఓపిక, తెల్లవారుజామున లేచు అలవాటు చాలును. రాబోవు జనవరిలో జంతుశాస్త్ర విభాగమువారి ఆధ్వర్యమున మన పట్టణపు చెరువును లెక్కించుటకు అనుమతియు, రెండు బైనాక్యులర్లును, పక్షుల గుర్తింపు పుస్తకమొకటియు మంజూరు చేయ ప్రార్థించుచున్నాము. లెక్కపత్రమును తెలుగు, ఉర్దూ భాషలు రెంటను వ్రాసి, ఒక ప్రతిని చెరువుగట్టున చేపలు పట్టువారికి చదివి వినిపింతుము; పేర్లు తప్పైనచో వారే దిద్దుదురు.