రాతిధూళియు రోగసంకేతమును

ఆసుపత్రి కాగితములమీద రోగమునకు సంకేతము వేయుటను మన విద్యావంతులు గుమాస్తాపనిగా నెంచి యుపేక్షించుచున్నారు. మే మట్లెంచము. రాళ్లు కోయు కూలి యే రోగముతో చచ్చెనో లోకమునకు దెలుపున దా సంకేతమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో నంగీకరించిన రోగవర్గీకరణపు పదవ కూర్పున ఖనిజధూళివలన గలుగు శ్వాసకోశరోగములకు జె 60 మొదలు జె 65 వఱకు స్థానములు గలవు. బొగ్గుధూళికి 60, ఆస్‌బెస్టాసునకు 61, సిలికాకు 62. వీనికి క్షయ తోడైనచో 65. నడుమ 64 యొకటి కలదు: ధూళిరోగమే గాని యే ధూళియో వ్రాయలేదని దాని యర్థము. అంతకంటె సులువైన దారి ఏ 15, ఏ 16 అను క్షయసంకేతములు. దగ్గుచు, చిక్కి శల్యమై వచ్చిన బీదవానికి కఫములో క్రిమి కనబడకున్నను క్షయ యని వ్రాసి పంపుట యెవరికి కష్టము?

సిలికా పీల్చినవానికి క్షయ సోకుట యధికమే. అందుచేతనే గదా 65 యేర్పడినది. క్షయ మాత్రమే వ్రాసినచో నేమగును? ఆఱు నెలలు మందు మ్రింగి, నయమైనదనిపించుకొని, యతడు మరల నా క్వారీకే పోవును. ఇంటిలో కంచము వేఱు, పక్క వేఱు. అంటని సిలికోసిసునకు అంటురోగపు వెలి!

సిలికోసిసును గుర్తించిన వైద్యుడు ప్రధాన తనిఖీ అధికారికి దెలుపవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే విధించినది; దాని స్థానమున వచ్చిన 2020 నాటి కోడును ఆ విధిని విడువలేదు. రాజస్థాన ప్రభుత్వము 2019లో, రోగము నిర్ధారణమైన కూలికి 3 లక్షల రూపాయలును, మరణించినచో కుటుంబమునకు మఱి 2 లక్షలును ఏర్పఱచెను. క్షయ యని వ్రాసిన కాగితముతో పోయిన విధవ కచ్చట నేమి దొరకును?

'సంకేతము మార్చినంతమాత్రమున ఊపిరి వచ్చునా?' యని కొందఱు వైద్యులు పరిహసింతురు. రాదు. సిలికోసిసును మాన్పు మందు లేదు. కనుకనే యతని ప్రక్కన యంత్రము పట్టినవానిని గాపాడుట మిగిలియున్నది. ఒకే క్వారీనుండి పది జె 62 కాగితములు వచ్చినచో అచ్చట నీరు చల్లి కోయుచున్నారా, పొడిగానే కోయుచున్నారా యని యడుగక తప్పదు. పది క్షయకాగితములు వచ్చినచో క్రిమిని నిందించి యూరకుందురు. మధ్యప్రదేశములోని మందసౌరున పలకబలపములు కోయువారిలో నీ రోగమెట్లు ప్రబలినదో 1980 దశకమునందే పరిశోధకులు ప్రకటించిరి. బిడ్డలచే నక్షరములు దిద్దించు తల్లిదండ్రులకు ఆ సంగతి తెలియనక్కఱలేదా?

సంకేతము వేయు గుమాస్తాను మేము తప్పుపట్టము. వైద్యుడు వ్రాయనిదాని నూహించి వేయుట యతనికి నిషిద్ధము. లోపము పై వరుసలో నున్నది. వృత్తి యను గడి యున్నచోట 'కూలి' యని యొక్క మాటతో ముగింతురు. ఏ కూలి? వరిచేలో కోత కోసినవానికిని కరీంనగరపు గ్రానైటును రంపముక్రింద కోసినవానికిని ఊపిరితిత్తు లొక్కటియేనా? ఏ రాయి, ఎన్నేండ్లు అను రెండు గడులను ప్రతి డిశ్చార్జి చీటీమీదను అచ్చొత్తింపవలెనని మేము కోరుచున్నాము. ఇందులకు క్రొత్త చట్ట మక్కఱలేదు. తరువాతి కట్ట అచ్చునకు పోవునపుడు చేర్చిన చాలును.