ఓడ గంట - గని గంట

కోలారు జిల్లాకు సముద్రతీరం లేదు. బంగారు గనుల ప్రాంతంలో తరతరాలుగా స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఓడల ముచ్చట్లెందుకని కొందరు పాఠకులు అడగవచ్చు. కాస్త ఓపికపట్టి చదివితే, ఇది మన ఇంటి ముచ్చటేనని వారికే తోస్తుంది.

ఓడలో ఆచారాలు చూడడానికి వేడుకగా వుంటాయి గాని, వాటిలో పెక్కింటి వెనుక ఒక అవసరం వున్నది. పూర్వం నావికులు ఇసుక గడియారంతో కాలం కొలిచేవారు. అరగంటకు ఇసుక జారిపోగానే దానిని తిరగేసి గంట కొట్టేవారు. మొదటి అరగంటకు ఒక దెబ్బ, తరువాతి దానికి రెండు, అట్లా నాలుగు గంటల కాలానికి ఎనిమిది దెబ్బలు. ఎనిమిది దెబ్బలు పడితే ఒక పహరా ముగిసినట్లు. కాపలా కాచినవాడు పడకకు, పడుకున్నవాడు కాపలాకు.

రోజుకు నాలుగేసి గంటల పహరాలు ఆరు. రెండు జట్లు వంతులు వేసుకుంటే, నడిరేయి కాపలా రోజూ ఒకే జట్టు నెత్తిన పడుతుంది. అందుకని సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు వుండే పహరాను రెండుగా చీల్చి, మొత్తం ఏడు చేశారు. దానితో వంతు రోజురోజుకూ మారుతుంది. కష్టాన్ని సమంగా పంచడానికి పెద్దలు చేసిన ఏర్పాటు ఇది.

నావికుల ఈల సంగతీ అంతే. గాలి హోరులో మనిషి గొంతు వినబడదు. సన్నని ఈల వినబడుతుంది. ఇవాళ మైకులు వచ్చినా ఈల పోలేదు. పెద్ద అధికారి ఓడ ఎక్కేటప్పుడు ఈల వూది గౌరవిస్తారు. కొత్త ఓడను నీటిలోకి దించేటప్పుడు పాశ్చాత్యులు ద్రాక్షసారా సీసా పగలగొడితే, మన నౌకాదళంవారు కొబ్బరికాయ కొట్టిస్తారు. ఆ శుభకార్యం సాధారణంగా ఒక స్త్రీ చేతిమీదుగా జరుగుతుంది.

ఇక మన గనుల మాట. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చిన తరువాత ఇక్కడ పని విస్తరించింది. ఛాంపియన్ రీఫ్ గని 10,000 అడుగుల లోతు దాటింది. అంత లోతున సూర్యుడు లేడు, పగలూ రాత్రీ లేవు. సైరను కూస్తే షిఫ్టు మారినట్లు. కేజి కదలాలన్నా, ఆగాలన్నా గంట దెబ్బలే భాష. కింద గంట కొట్టిన మనిషినీ, పైన వైండింగ్ ఇంజను దగ్గర కూర్చున్న మనిషినీ కలిపేది ఆ లెక్క ఒక్కటే. లెక్క తప్పితే ప్రాణాలు పోతాయి. ఓడలోనూ, గనిలోనూ క్రమశిక్షణ ఇట్లా పుట్టిందే.

ఇప్పుడొక విచిత్రం వినండి. సోవియట్ దేశం నుంచి వచ్చి 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరిన కుర్సురా అనే జలాంతర్గామి, 31 ఏళ్లు కొలువు చేసి 2001 ఫిబ్రవరి 27న విరమించింది. ఆ మర్నాడే, ఫిబ్రవరి 28న, మన గనులు మూతపడ్డాయి. సముద్రం అడుగున తిరిగినదీ, భూమి అడుగున తవ్వినదీ ఒక్క రోజు తేడాతో పని చాలించాయి.

తరువాతి కథ మాత్రం వేరు. కుర్సురాను విశాఖపట్నం రామకృష్ణా బీచికి చేర్చి 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా తెరిచారు. పదవీ విరమణ చేసిన నావికులే అక్కడ వచ్చినవారికి లోపలి ఇరుకు గదులూ, యంత్రాలూ చూపి వివరిస్తారు. కొలువులో వున్న నౌకలను పండుగ రోజులలో జెండాలతో అలంకరించే మర్యాద, కొలువు ముగిసినా దీనికి దక్కుతున్నది. విక్రాంత్ సంగతి చూడండి. 1961లో చేరిన ఆ నౌక 1997లో విరమించింది, తరువాత విరిచి ఇనుముగా అమ్మివేశారు. అయినా 2022లో కొచ్చిలో చేరిన కొత్త నౌకకు అదే పేరు, అదే అంకె పెట్టారు. పాత నౌక గంటను కూడా కొత్తదానికి అప్పగించారు. ఓడ పోయినా దాని గంట మిగిలింది.

మన గనులలో నీరు తోడడం ఆగింది, లోపల నీరు నిండింది. అక్కడికి దిగి చూపించడం ఎవరి తరమూ కాదు. కాని లోపల పనిచేసినవారు మన ఇండ్లలో ఇంకా కొందరున్నారు. కేజి పైకి లేవాలంటే ఎన్ని దెబ్బలు, మనుషులు ఎక్కితే ఎన్ని, మొదటిసారి దిగే కుర్రవాడికి మేస్త్రీ ఏమి చెప్పేవాడు, ఏ పని పూజ లేకుండా మొదలుపెట్టేవారు కారు - ఇవన్నీ వారికి తెలుసు. వారితో పాటు ఇవీ పోతే మళ్లీ దొరకవు.

కనుక ఈ నెల ఆదివారాలలో ఒక పూట పిల్లలు తాతయ్య దగ్గర కూర్చుని ఈ నాలుగు ప్రశ్నలూ అడగండి. ఆయన చెప్పినది చెప్పినట్లే, ఆయన మాటలలోనే రాయండి. భాషలో తమిళం, కన్నడం కలిసినా దిద్దవద్దు. గనిలో మాట్లాడిన భాష అదే గదా. మాకు పంపితే ఈ శీర్షికలోనే వరుసగా వేసుకుంటాం.