కడుపు నాది, కంచం ఇంటిల్లిపాదిదీ

వచ్చే నెల నాకు బరువు తగ్గే ఆపరేషన్. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాలుగు రోజులు పట్టింది. గర్భసంచి ఆపరేషనో, పిత్తాశయంలో రాళ్ళో అయితే మన ఆడవాళ్ళం వీధంతా చెప్పుకుంటాం. ఇది మాత్రం ఏదో తప్పు చేసినట్టు దాచుకోవాల్సి వస్తోంది. ఎందుకంటే ఎవరికి చెప్పినా ఒకటే మాట: "నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంటావా?"

ఆ మాట అన్నవాళ్ళందరికీ కలిపి ఒకేసారి జవాబు చెప్పేద్దామని ఇవాళ కూర్చున్నాను.

ముందు నా లెక్కలు. వయసు 44. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. బరువు 104 కిలోలు. బీఎంఐ 42. ఎనిమిదేళ్ళుగా షుగరు, నాలుగేళ్ళుగా మోకాళ్ళ నొప్పులు, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం. నోరు కట్టుకోలేదా అంటే కట్టుకున్నాను. రెండుసార్లు పన్నెండేసి కిలోలు తగ్గాను. రెండుసార్లూ పదిహేనేసి పెరిగాను. బీఎంఐ 40 దాటినవాళ్ళకూ, 35 దాటి షుగరులాంటి జబ్బులున్నవాళ్ళకూ ఈ ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 1991లోనే చెప్పాయి. 2022లో సర్జన్ల అంతర్జాతీయ సంఘాలు ఆ గీతను ఇంకా కిందికి దించాయి. మన ఆసియావాళ్ళకు తక్కువ బరువుకే షుగరు, గుండెజబ్బు వస్తాయి కాబట్టి 27.5 దగ్గరే ఆలోచించమన్నాయి. నేను పాత గీతకే పైన ఉన్నాను. ఇది సోకు కోసం చేయించుకునేది కాదు.

"ఆర్తి అగర్వాల్ ఏమైందో తెలుసు కదా" అని మా పక్కింటి పిన్ని గుర్తు చేసింది. తెలుసు పిన్నీ. 2015 జూన్ 6న ఆ అమ్మాయి పోయింది, ముప్ఫై ఒక్కేళ్ళకే. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకుందని అప్పట్లో పేపర్లు రాశాయి. లైపోసక్షన్ అంటే చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగేయడం. దాంతో షుగరు జబ్బు తగ్గదు. నాకు చేసేది కడుపు సైజు తగ్గించే ఆపరేషన్. సంచిలా ఉన్న కడుపులో నాలుగింట మూడు వంతుల పైన తీసేసి, అరటికాయ ఆకారంలో సన్నటి గొట్టంలా మిగులుస్తారు. ఇందులోనూ ప్రమాదాలు ఉన్నాయి, అవన్నీ డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. కానీ రెండూ ఒకటి కావు. పోయిన పిల్లను తీసుకొచ్చి బతకాలనుకుంటున్న మనిషిని బెదిరించడం న్యాయం కాదు.

సరే. ఆపరేషన్ భయం డాక్టరుగారు సగం తీర్చారు. తీరనిది తిండి భయం.

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు పిండిపదార్థం, కొవ్వు బాగా తగ్గించి మాంసకృత్తులు ఎక్కువగా తినాలట. ఎందుకో అడిగితే బొమ్మ గీసి చూపించారు. కడుపు మీద కాలేయం ఎడమ భాగం కప్పినట్టు ఉంటుంది. నాలాంటివాళ్ళకు అది కొవ్వు పట్టి ఉబ్బి ఉంటుంది. దాన్ని పైకి ఎత్తి పట్టుకుంటేగానీ సర్జన్‌కు కడుపు అందదు. రెండు వారాలు పథ్యం చేస్తే కాలేయం కుంచించుకుని దారి ఇస్తుంది. షుగరు మందులు, ఇన్సులిన్ వాడేవాళ్ళు ఈ పథ్యం సొంతంగా మొదలుపెట్టకూడదు, డాక్టరు మోతాదు తగ్గించాలి, లేకపోతే షుగరు పడిపోతుంది. ఇది కాక ఇప్పటినుంచే అలవాటు చేసుకోవాల్సినవి ఉన్నాయి. చిన్న ముద్ద, బాగా నమలడం, అన్నంతోపాటు నీళ్ళు తాగకుండా అరగంట ఆగడం, రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా మాంసకృత్తులు. తర్వాత బతికినంతకాలం విటమిన్ మాత్రలు.

కారణం చెప్తే అర్థమైంది. అర్థమైతే చేయబుద్ధి వేసింది. ఇన్నేళ్ళలో నాకు కారణం చెప్పిన మొదటి మనిషి ఆయనే. మిగతావాళ్ళంతా తిట్టారు.

ఇంక చార్టు సంగతి. అంతకుముందు వేరే ఆసుపత్రిలో ఒకమ్మాయి నాకో కాగితం ఇచ్చింది. పొద్దున్న ఓట్స్, మధ్యాహ్నం బ్రకోలీ, సాయంత్రం అవకాడో, రాత్రి ఆలివ్ నూనెలో వేయించిన పుట్టగొడుగులు. అచ్యుతాపురం సంతలో అవకాడో అడిగితే కూరగాయల ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. పూడిమడక నుంచి చేపలు తెచ్చే ఊళ్ళో ఉండి, 100 గ్రాముల చేపలో ఇరవై గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయని, ఒక గుడ్డులో ఆరు గ్రాములు ఉంటాయని నాకు ఆ కాగితం చెప్పలేదు. ఎవరి ఊళ్ళోనో, ఎవరి వంటింటికోసమో రాసిన చార్టు నాకిచ్చి, పాటించలేదని నన్నే అంటే ఎలా?

ఇప్పుడు నా తప్పు కూడా చెప్తాను. ఈ డాక్టరుగారి దగ్గర ఉన్న డైటీషియన్ వారం రోజులు ఏం తిన్నానో ప్రతిదీ రాసుకురమ్మంది. నేను రాసింది ఇది: పొద్దున్న మూడు ఇడ్లీలు, మధ్యాహ్నం కప్పు అన్నం, పప్పు, రాత్రి రెండు పుల్కాలు. ఆ అమ్మాయి చదివి, నవ్వకుండా, "ఆంటీ, దీంతో 104 కిలోలు రారు. ఇంకోసారి రాయండి, ఎవరికీ చూపించను" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఇంటికొచ్చి నిజం రాశాను.

పొద్దున్న అయిదున్నరకు టీ, రెండు చెంచాల పంచదార. ఏడింటికి మా ఆయన కేరేజీ కట్టాక మూకుట్లో అంటుకున్న కూరలో నాలుగు ముద్దలు అన్నం కలిపి, నిలబడే. ఎనిమిదింటికి పాప వదిలేసిన రెండు ఇడ్లీలు. పదకొండింటికి టీవీ ముందు జంతికలు. అందరూ తిన్నాక రెండున్నరకు నా భోజనం, అప్పటికి కూర అడుగంటి ఉంటుంది కాబట్టి అన్నం ఎక్కువ, ఆవకాయ ఎక్కువ. సాయంత్రం మళ్ళీ టీ. రాత్రి తొమ్మిదిన్నరకు గిన్నెలు ఖాళీ చేయాలని మిగిలిన అన్నం, పెరుగు. పదకొండింటికి అందరూ పడుకున్నాక, చీకట్లో, అనకాపల్లి బెల్లం ముక్క, గుప్పెడు వేయించిన పల్లీలు.

రాసింది చదువుకుంటే నాకే కొత్తగా ఉంది. నేను ఆకలేసి తిన్నది రెండుసార్లు. మిగతాదంతా పారేయడం ఇష్టం లేక, నిలబడి, ఇంకొకరి కంచంలోంచి. మా ఇంట్లో చెత్తబుట్టలు రెండు. ఒకటి సింకు కింద ఉంటుంది. రెండోది నేను. ఇక ఆ రాత్రి బెల్లం ముక్క... రోజు మొత్తంలో నాకోసం నేను తీసుకున్నది అదొక్కటే. అది మాత్రం పూర్తిగా నాదే, ఒప్పుకుంటాను.

నేను బీఏలో తెలుగు చదువుకున్నాను. తిండిపోతు అనే మాట మనకు ఎంత సులువుగా నోటికి వస్తుందో! ఇంట్లో అందరి ఎంగిలీ తిని గిన్నెలు ఖాళీ చేసే ఆడదానికి మాత్రం వేరే పేరు ఉంది: పొదుపరి. ఇద్దరూ ఒకరే అని ఎవరికీ తట్టదు.

మా అత్తమ్మను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆవిడ చిన్నప్పుడు ఇంట్లో రోజూ చోడంబలే, వరి అన్నం పండగలకే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పిల్లలకు రెండు పూటలా తెల్లన్నం పెట్టగలిగానని ఇప్పటికీ కళ్ళు తుడుచుకుంటూ చెప్తారు. అలాంటి మనిషికి మెతుకు పారేయడం పాపమే. ఆడది ఆఖరున తినాలన్న పద్ధతి కూడా ఆ కరువులోనే గట్టిపడి ఉంటుంది. ఉన్నది పిల్లలకు, సంపాదించేవాడికి సరిపోవాలి కదా. ఆరోజుకు అది త్యాగం. కానీ ఇవాళ కుక్కర్ నిండా అన్నం వండి, మిగిలింది కోడలు తినాలనడం త్యాగం కాదు, వంటలెక్క తెలియకపోవడం.

ఇది మా ఒక్క ఇంటి గోల అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 36 మంది ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తానికి అది 24. అదే సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 59 మంది ఆడవాళ్ళకు రక్తహీనత. ఒళ్ళు ఎక్కువ, రక్తం తక్కువ! తిని తిని బలిసిపోయారంటారే, అంత బాగా తింటే రక్తం ఎందుకు లేదు? కడుపు నింపేది అన్నం, బలమిచ్చేది కూర, పప్పు, గుడ్డు, చేప. ఆఖరున తినేదానికి మిగిలేది మొదటిది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో ధాన్యాల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 45 శాతం మించొద్దంది. నా డైరీ చూస్తే ముప్పావు వంతు అన్నమే. ఇక్కడ పొద్దున్నే బ్రాండిక్స్ బస్సు ఎక్కే అమ్మాయిల కేరేజీలు చూడండి, అక్కడా అంతే. జీతం తెచ్చే ఆడపిల్ల కూడా అన్నం మీద ఇంత పచ్చడి పెట్టుకుపోతోంది.

ఇక చుట్టాల ప్రేమ. ఆపరేషన్ అని తెలిసిన దగ్గర్నుంచి విందులు మొదలయ్యాయి. మా వదిన మాడుగుల హల్వా పంపింది. "తర్వాత ఎలాగూ తినలేవు, ఇప్పుడే తినెయ్" అంటూ బిరియానీకి పిలిచారు ఇంకొకరు. నెల రోజుల కిందట నోరు కట్టుకోమన్నవాళ్ళే వీళ్ళు! నేను ఉరికంబం ఎక్కడం లేదు, ఆఖరి కోరిక తీర్చడానికి. ఈ నెలలో పెరిగే ప్రతి కిలో ఆ కాలేయాన్ని ఇంకాస్త ఉబ్బిస్తుంది, సర్జన్‌కు దారి మూస్తుంది. హల్వా పెట్టె తెరవకుండానే వెనక్కి పంపించాను. వదినకు కోపం వచ్చింది. రానివ్వండి.

మరో వర్గం యూట్యూబు వైద్యులు. "పాతకాలంలాగా చోడంబలి తాగు, ఆపరేషనే అక్కర్లేదు" అంటారు. చోళ్ళు మంచివే. 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పీచు ఉంటుంది. కానీ పిండిపదార్థం బియ్యానికి పెద్దగా తీసిపోదు. మా అత్తమ్మ తరం సన్నగా ఉన్నది చోళ్ళ మహిమ వల్లే కాదు, తెల్లారి లేస్తే పొలంలో ఒంగి పనిచేయడం వల్ల, కడుపునిండా లేకపోవడం వల్ల. ఆకలికి ఆరోగ్యం అని పేరు పెట్టొద్దు.

ఆపరేషన్ చేసేస్తే అంతా అదే సర్దుకుంటుందనీ నేను నమ్మడం లేదు. కడుపు చిన్నదవుతుంది, ఆకలి తగ్గుతుంది. కానీ వంటిల్లు అదే, గిన్నెలు అవే, రాత్రి పదకొండూ అదే. చిన్న కడుపులోకి కూడా బెల్లం కొద్దికొద్దిగా కరిగి పోతూనే ఉంటుంది. కొన్నేళ్ళకు బరువు మళ్ళీ పెరిగినవాళ్ళు ఉన్నారని డాక్టరుగారే చెప్పారు. సమ్మతి పత్రంలో రోగి సంతకం, ఒక బంధువు సంతకం అడుగుతారు. నన్నడిగితే ఆ ఇంట్లో కంచం ముందు కూర్చునే ప్రతి ఒక్కరూ సంతకం పెట్టాలి.

అందుకే పోయిన ఆదివారం అందర్నీ కూర్చోబెట్టి నా డైరీ చదివాను. చెత్తబుట్ట దగ్గరకు వచ్చేసరికి పాప తలొంచుకుంది. మా ఆయన "నేనెప్పుడైనా నిన్ను మిగిలింది తినమన్నానా?" అన్నారు. అనలేదు. పారెయ్ అని కూడా అనలేదు. అదే చెప్పాను.

నేను అడిగినవి నాలుగే. ఒకటి, అన్నం కొలిచి వండుతాను, చాలకపోతే ఎవరికి వాళ్ళు అటుకులో అరటిపండో చూసుకోవాలి. రెండు, ఎవరి కంచం వాళ్ళే ఖాళీ చేయాలి, మిగిలితే వాళ్ళే పారేయాలి, ఆ పాపం వాళ్ళదే. మూడు, అందరం ఒకేసారి కూర్చుంటాం, గుడ్డూ చేపా నాకూ సమానంగా. నాలుగు, జంతికల డబ్బా, బెల్లం డబ్బా నా కంట పడని చోట పెట్టాలి. రాత్రి నిద్ర పట్టకపోతే పాపను లేపుతాను, కాసేపు నాతో మాట్లాడాలి.

అత్తమ్మ ఏమీ అనలేదు. రెండు రోజులు మాట్లాడలేదు కూడా. మంగళవారం మధ్యాహ్నం అందరికీ వడ్డించి నేను అలవాటుగా గోడకు ఆనుకుని నిలబడి ఉంటే, పక్కన పీట జరిపి, "కూకోయే, కూర చల్లారిపోతంది" అన్నారు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆవిడ నన్ను తనతోపాటు తినమనడం అదే మొదలు. కూర్చున్నాను. వంజరం చేప ముక్క నా కంచంలోనూ పడింది. నీళ్ళ గ్లాసు అరగంట దూరంలో పెట్టుకుని, ముద్ద ముద్దకూ నమిలి తిన్నాను. వేడి కూరతో అన్నం తింటే సగం అన్నానికే చాలనిపిస్తుందని ఆ రోజే తెలిసింది.

ఆపరేషన్ ఎలా జరుగుతుందో నాకు తెలీదు. జరిగాక తప్పకుండా రాస్తాను. ఈలోపు నోరు కట్టుకోమని చెప్పేవాళ్ళకు ఒకటే మనవి. మీ ఇంట్లో ఆడవాళ్ళు ఎప్పుడు తింటున్నారో, ఏం మిగిలితే తింటున్నారో ఒక్క వారం రాసి చూడండి. ఆ తర్వాత కూడా మీకు ఆ మాటే అనాలనిపిస్తే, అప్పుడు నన్ను అనండి.