రోమ్ మాట తిరువూరు దాకా వచ్చిందా?

తిరువూరు (ఎన్టీఆర్ జిల్లా): ఇస్లాం గురించి క్రైస్తవ బోధ ఏమంటుంది? ఈ ప్రశ్నకు జవాబు ఒక్కటి కాదు. అది ఏ చర్చిని అడుగుతున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది.

క్యాథలిక్ చర్చి మాత్రం తన మాట రాసి పెట్టింది. 1965 అక్టోబర్ 28న రెండో వాటికన్ మహాసభ 'నోస్త్రా ఎతాతే' ప్రకటన చేసింది. అనుకూలంగా 2,221 ఓట్లు, వ్యతిరేకంగా 88 మాత్రమే. ఇతర మతాల్లోని సత్యాన్ని, పవిత్రతను కాదనేది లేదన్నది దాని సారం. ముస్లింలు ఒక్క దేవుణ్నే ఆరాధిస్తారని, హజ్రత్ ఈసా (అలైహిస్సలాం)ను ప్రవక్తగా గౌరవిస్తారని, మర్యంను కూడా గౌరవిస్తారని అందులో ఉంది. పాత గొడవలు మరిచిపోదామనీ ఉంది. ఖుర్ఆన్‌లో 19వ సూరా మర్యం పేరిటే ఉంది మరి! విజయవాడ గుణదల మాత ఉత్సవాలకు ఏటా ఫిబ్రవరిలో అన్ని మతాలవాళ్లూ వెళ్లడం ఈ ప్రాంతానికి కొత్తేం కాదు.

అలాగని అన్ని దారులూ సమానమేనని వాటికన్ ఎన్నడూ అనలేదు. 2000లో 'దోమినుస్ యేసుస్' ఆ సంగతి గట్టిగానే చెప్పింది. గౌరవించడం వేరు, ఒప్పుకోవడం వేరు. ముస్లింలు కూడా తమ నమ్మకం వదులుకుని ఎవరినీ గౌరవించరు కదా.

అసలు చిక్కు వేరే ఉంది. ఆంధ్రలో పెంతెకోస్తు, స్వతంత్ర సంఘాలు చాలా ఉన్నాయి. పోప్ మాట వాటికి వర్తించదు. యోహాను సువార్త 14:6 చూపించి యేసే ఏకైక మార్గమంటాయి. ఆ వాక్యాన్ని 'నోస్త్రా ఎతాతే' కూడా చెబుతుంది, కానీ గౌరవం మాటను పక్కనే పెడుతుంది. ఆ పక్క మాట ఊళ్లో వినిపించాలంటే పాస్టర్లతో నేరుగా కూర్చుని మాట్లాడాల్సిందే.