దండయు కడవయు

మనుజుడు తాననుసరింప నొల్లనివానికి పూలదండ వేయును. దండ వేయుటకు చేయి కదలిన చాలును. అనుసరించుటకు కాలు కదలవలయును గదా!

రాజమహేంద్రవరమున 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. వంటవారును నీళ్లు మోయువారును రామనిరి. అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరి నీరు మోసి తెచ్చి వంట చేసిరి. నేడు పంతులుగారి విగ్రహమునకు దండ వేయువారు పలువురు. ఆ కడవ నెత్తుకొనువారే కానరారు. బ్రతికియున్న సంస్కర్త కంటిలో నలుసు. రాయియైన సంస్కర్త ఊరికి అలంకారము.

కళ మనుజుని మార్చునందురు. 1897లో అచ్చయిన గురజాడవారి 'కన్యాశుల్కము'ను చూచి, కూతునమ్మిన తండ్రిని గేలిచేసి నవ్వినవాడే ఇంటికి పోయి కొడుకునకు వెల కట్టును. బేరము పోలేదు, అమ్మువాడు మాత్రము మారినాడు. 1961లో వరకట్న నిషేధ శాసనము వచ్చినది. అది కట్నమును చంపలేదు. దానికి మారుపేర్లు నేర్పినది. గోదావరి కాలువల క్రింది మాగాణి యిప్పుడు 'పసుపుకుంకుమ' యను సాధునామముతో చేతులు మారుచున్నది.

ప్రేమయు నిట్టిదే. తెరమీది ప్రేమికులు కులము గడప దాటిన కన్నీరు కార్చు తల్లిదండ్రులు, ఇంటిలోని ప్రేమికులు దాటిన వారిచేతనే కన్నీరు కార్పింతురు.

విగ్రహములు వలదని నా వాదము కాదు. దండ చేతబట్టి వచ్చిన పెద్దమనిషిని మాత్రము ఒక్క ప్రశ్న అడుగుడు: "అయ్యా! తమ చిరంజీవి సంబంధ మెంతకు కుదిరినది?"