పరువు పేరుతో పరదాలు కడతారు, జాగ్రత్త

నల్లగొండ, పాలమూరు జనానికి ఒక మాట ముందుగానే చెప్పాలి. ఇకమీదట మన దిక్కు విదేశీ అతిథుల రాక పెరుగుతుంది. మీర్‌ఖాన్‌పేట దగ్గర ఫ్యూచర్ సిటీ అంటున్నారు, 2025 డిసెంబరులో అక్కడే గ్లోబల్ సమ్మిట్ కూడా పెట్టారు. నాగార్జున సాగర్‌లో బుద్ధవనం, పోచంపల్లి మగ్గాలు, పాలమూరు పిల్లలమర్రి ఎలాగూ ఉన్నాయి. రానివ్వండి, మంచిదే. అయితే వాళ్లు వచ్చే ముందు వారం మీ ఊళ్లో ఏం జరుగుతోందో కనిపెట్టి ఉండండి. రోడ్డు పక్కన పరదా లేచిందా? గోడకు హడావిడిగా సున్నం పడిందా? ‘ఇప్పుడు ఆ సంగతి ఎత్తకండి, పరువు పోతుంది’ అని ఎవరైనా మీ నోటికి చెయ్యి అడ్డం పెట్టారా? సున్నం నాలుగు వానలకు పోతుంది. నోటికి పడ్డ తాళం మాత్రం అతిథులు వెళ్లిపోయాక కూడా ఊడదు.

2025 మే నెల గుర్తు చేసుకోండి. మిస్ వరల్డ్ పోటీలకు వచ్చిన అమ్మాయిలను 12న బుద్ధవనానికి, 15న పోచంపల్లికి, 16న పిల్లలమర్రికి తిప్పారు. 14న రామప్ప గుడి దగ్గర మన ఆడవాళ్లు వాళ్ల పాదాలు కడిగి తుడిచిన వీడియో బయటికొచ్చి దేశమంతా రచ్చయింది. అతిథి మర్యాద అని కొందరు సర్దిచెప్పబోయారు. మన ఇళ్లల్లో మర్యాద ఎట్లా ఉంటుందో మనకు తెలియదా? గడపలో చెంబుతో నీళ్లిస్తాం, వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కుని లోపలికొస్తారు. ఎదుటివాళ్ల కళ్లకు అందంగా కనబడాలన్న ఆత్రం పడితే సొంత ఆచారం కూడా వంకర పోతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఆ ఊరేగింపులు జరుగుతున్నప్పుడే నల్లమలలో, దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగంలో ఆరుగురి దేహాలు ఇంకా మట్టి కిందే ఉన్నాయి. ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుంటే, నెలల తరబడి వెతికి ఇద్దరిని మాత్రమే బయటికి తేగలిగారు. జార్ఖండ్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, పంజాబ్ నుంచి, జమ్మూ కశ్మీర్ నుంచి వచ్చినవాళ్లు వాళ్లు. నల్లగొండ బీళ్లకు శ్రీశైలం నీళ్లు తేవడానికి కొండ తొలుస్తూ పోయారు. ఒకప్పుడు దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు కూలీ ఉండేవాడు. ఇప్పుడు మన ఆయకట్టుకు పరాయి ఊరి కూలీ వచ్చి ప్రాణం ఇచ్చాడు. బుద్ధవనం ఫొటోల పక్కన ఆ సొరంగం ఫొటో ఎవరైనా పెడితే ‘రాష్ట్రం పరువు తీస్తున్నారు’ అనేవాళ్లకు మాత్రం కొదవ లేదు.

ఇతర దేశాలు మనల్ని ఎలా చూస్తున్నాయో పట్టించుకోవాలా అంటే, పట్టించుకోవాల్సిందే. మన పిల్లలు డల్లాస్‌లో, న్యూజెర్సీలో, గల్ఫ్‌లో బతుకుతున్నారు. మన మాత్రలు అమెరికా మందుల షాపుల్లో అమ్ముడవుతున్నాయి. అదీ చూద్దాం. జడ్చర్ల పక్కన పోలేపల్లి ఫార్మా సెజ్‌కు అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీదారు వస్తే ఫ్యాక్టరీకి ఫ్యాక్టరీయే ఒంటికాలి మీద నిలబడుతుంది. ఆయన ‘483 ఫారం’ మీద లోపాలు రాసిచ్చిపోతే 15 పనిదినాల్లో జవాబు వెళ్లాలి, లేకపోతే హెచ్చరిక లేఖ, ఆ తర్వాత సరుకే ఆగిపోవచ్చు. కాబట్టి లోపం సరిదిద్దుతారు. ఇది బయటి కన్ను చేసే మేలు, కాదనలేం. మరి అదే సెజ్ చుట్టూ ఉన్న రైతులు వ్యర్థజలాలు మా చెరువుల్లోకి వస్తున్నాయని ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. వాళ్ల దరఖాస్తుకు 15 రోజుల గడువు ఎవరు పెట్టారు? మాత్ర మింగే పరదేశి మాటకున్న విలువ, ఆ నీళ్లు పారే పొలం యజమాని మాటకు లేకపోవడాన్ని ఏమనాలి? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత.

పిల్లలమర్రి సంగతి దీనికి పూర్తిగా ఎదురు. ఏడు వందల ఏళ్ల చెట్టని చెప్పుకుంటాం, ఊడలు పట్టుకుని ఊయలలూగి, పేర్లు చెక్కి, ఇష్టమొచ్చినట్టు వాడుకున్నాం. చెదలు లోపల తొలిచాయి. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడింది. అప్పుడు అధికారులు రెండు పనుల్లో ఒకటి చేయగలిగేవారు. విరిగిన కొమ్మను రాత్రికి రాత్రి లారీలో ఎత్తించి, మిగిలిన చెట్టు ముందు సెల్ఫీ పాయింట్ పెట్టొచ్చు. లేదా గేటుకు తాళం వేసి చెట్టుకు వైద్యం చేయొచ్చు. వాళ్లు రెండోది చేశారు. మొదట మానుకు రంధ్రాలు పెట్టి మందు పోస్తే నిలవకుండా కారిపోయింది. అందుకని 2018లో ఆసుపత్రిలో పేషెంటుకు ఎక్కించినట్టే, కొమ్మకొమ్మకూ సెలైన్ సీసాలు వేలాడదీసి, నీళ్లు కలిపిన క్లోరోపైరిఫాస్ చుక్కచుక్కగా లోపలికి పంపారు. బరువుకు వంగిన కొమ్మల కింద కాంక్రీటు దిమ్మెలు నిలబెట్టారు. ఆ సీసాల ఫొటో దేశాలు దాటింది. చెట్టుకు చెదలు పట్టాయని ప్రపంచానికి తెలిసిపోయినందుకు పాలమూరు పరువేమీ పోలేదు. చెట్టు బతికింది. 2025లో అందగత్తెలు నీడన నిలబడి ఫొటోలు దిగింది ఆ సెలైన్ ఎక్కించుకున్న చెట్టు కిందే.

నల్లగొండ వాళ్లకు ఈ విద్య ఇంకా ముందే తెలుసు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర్లు పోతుంటే పట్టించుకునే దిక్కు లేక, 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపు మీద నామినేషన్లు కుప్పలుగా పడ్డాయి. దుశర్ల సత్యనారాయణ నడిపిన ఉద్యమం అది. చివరికి 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ కాగితం పుస్తకమై కూర్చుంది. ఎన్నికల సంఘానికి చుక్కలు కనబడ్డాయి, ధరావతు 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది. నల్లగొండ పరువు గంగలో కలిసిందని అప్పుడూ అన్నవాళ్లున్నారేమో, ఉంటే వాళ్ల ఇళ్లల్లో బోరు నీళ్లు తాగేవాళ్లు కాదనుకోవాలి. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ఆ ఏడాది నల్లగొండ కావాలనే కడుపు చించుకుని చూపించింది. అంతకుముందే నాగపూర్ నీరీ శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టారు. టాంజానియాలో, ఇథియోపియాలో నీళ్ల ఇంజినీర్లకు మన జిల్లా పేరు తెలిసింది దాని వల్లే. రోగం పేరుతో కూడా గౌరవంగా బతకొచ్చు, వైద్యం మొదలుపెడితే.

అందుకే 2020 నాటి లెక్క దగ్గర కాస్త ఆగండి. తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు ఇక లేవు, సున్నా అని పార్లమెంటుకు నివేదించారు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చిన మాట నిజం, ఆ పని చిన్నది కాదు. కానీ కొళాయి వచ్చిందని వంగిన వెన్ను నిటారు కాదు. పైపు పగిలిన వారం, మోటారు కాలిన వారం జనం మళ్లీ పాత బోరు దగ్గరికే పోతారు. ఆ సున్నాను అతిథులకు చూపించే బోర్డుగా మార్చేస్తే, మర్రిగూడలోనో నాంపల్లిలోనో ‘మా పిల్లాడి పళ్లు పచ్చబడ్డాయి’ అన్న తల్లి అబద్ధాలకోరు అయిపోతుంది.

ఇది మన రెండు జిల్లాల జబ్బే కాదు. ఇవాంకా ట్రంప్ వస్తోందని 2017 నవంబరులో హైదరాబాద్‌లో భిక్షాటన నిషేధించి బిచ్చగాళ్లను తరలించారు. 2020 ఫిబ్రవరిలో ఆమె తండ్రి వస్తున్నాడని అహ్మదాబాద్‌లో మురికివాడ ముందు గోడ కట్టారు. ప్రపంచ ఆకలి సూచీలో 2023లో మన దేశానికి 125 దేశాల్లో 111వ స్థానం ఇస్తే ప్రభుత్వం లెక్కే తప్పంది. లెక్క కట్టిన తీరుతో తగువు పడొచ్చు, పడాలి కూడా. కానీ మన ప్రభుత్వమే చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో నూటికి 57 మంది ఆడవాళ్లకు రక్తహీనత ఉందని తేలింది. ఆ సర్వే చేసింది ఏ విదేశీ కుట్రదారు?

చేయాల్సినవి ఇప్పుడే మొదలుపెట్టాలి. మీ మండలానికి అతిథులు వస్తున్నారన్న కబురు రాగానే పంచాయతీ కార్యదర్శి దగ్గరికి నలుగురు కలిసి వెళ్లండి. మంచినీళ్ల పరీక్ష ఎప్పుడు చేశారు, ఫ్లోరైడ్ ఎంత వచ్చింది, కాగితం చూపించమనండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ బోరుకు ఎర్ర రంగు వేయించండి, అతిథుల కార్లు ఆ దారినే పోతున్నా సరే. సెజ్ పక్క ఊళ్లవాళ్లు చెరువు నీళ్లు రంగు మారిన రోజే తారీఖు వేసి ఫొటో తీసి, కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. పరదా కడుతుంటే ఖర్చు ఏ పద్దు కింద రాశారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. ‘ఇది మాట్లాడే సమయమా’ అని ఎవరైనా కసిరితే, అతిథులు వెళ్లాక ఏ తారీఖున మాట్లాడాలో రాసివ్వమనండి.