మన బతుకు ప్రొఫైల్ కాదా?

మార్కులే మెరిట్ అని మనకు పాఠాలు చెప్పినోళ్లు ఇవాళ మాట మార్చారు. 1990లో మండల్ సిఫారసులు అమలు చేస్తామనగానే అగ్రకుల విద్యార్థులు రోడ్లెక్కి చీపుర్లు పట్టారు, బూట్లు పాలిష్ చేశారు. చదువుకున్న మాకు ఈ గతి పట్టాల్నా అన్నది వాళ్ల నిరసన. తరతరాలుగా మన అమ్మలూ అయ్యలూ చేస్తున్న పని వాళ్లకు వీధి నాటకమైంది. ఇప్పుడు వాళ్ల పిల్లలకు అమెరికాలో డిగ్రీ సీటు కావాలి. అందుకని అదే చీపురు 'సమాజ సేవ' అయింది. రెండు ఆదివారాలు మన వాడకొచ్చి ఊడుస్తారు, పుస్తకాలు పంచుతారు, ఫొటో దిగి ఫారంలో రాసుకుంటారు. వాళ్లకు మన వాడ ప్రొఫైల్. ఆ వాడలోనే పుట్టి పెరిగిన పిల్లకు మాత్రం ప్రొఫైల్ లేదంట! ఏం న్యాయం ఇది?

ఈ ప్రొఫైల్ సంగతేందో చూద్దాం. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ లాంటి చోట్ల వందమంది దరఖాస్తు పెడితే అయిదుగురికి కూడా సీటు రావడం కష్టం. ఒక్క ఎంట్రన్సుతో అక్కడ పని కాదు. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా మార్కులు, చాలాచోట్ల ఎస్ఏటీ స్కోరు, టీచర్ల సిఫారసు ఉత్తరాలు, 650 పదాలకు మించని వ్యాసం, బడి బయట చేసిన పనుల పట్టిక అన్నీ చూస్తారు. మనిషిని మొత్తంగా చూస్తున్నామంటారు.

ఈ 'మొత్తంగా చూడటం' ఎక్కడ పుట్టింది? హార్వర్డ్‌లో పరీక్ష రాసి గెలిచి వస్తున్న యూదుల పిల్లలు ఎక్కువయ్యారని 1922లో దాని అధ్యక్షుడు లోవెల్ వాళ్లకు హద్దు పెట్టాలన్నాడు. అధ్యాపకులు బాహాటంగా ఒప్పుకోలేదు. అప్పుడు దొడ్డిదారి తెరిచారు. పుట్టాక నీ పేరుగానీ నీ తండ్రి పేరుగానీ మారిందా అని ఫారంలో అడిగారు. 1926 నుంచి శీలం, వ్యక్తిత్వం అంటూ కొలతలు పెట్టారు. ఇంటిపేరు అడిగి, ఊళ్లో ఏ పక్క ఉంటారని అడిగి కులం రాబట్టేవాళ్లను ఎరిగిన మనకు ఈ విద్య కొత్తగాదు!

ఇవాళ్టి సంగతి చూడండి. 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు సీట్లివ్వడంలో జాతిని లెక్కలోకి తీసుకోవడం చెల్లదన్నది. నల్లజాతి పిల్లలకున్న ఆ కాస్త ఆసరా పోయింది. పూర్వ విద్యార్థుల పిల్లలకిచ్చే మొగ్గు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ హార్వర్డ్ కేసులోనే బయటపడ్డ లెక్క ఇది: పూర్వ విద్యార్థుల పిల్లల్లో వందకు సుమారు 33 మందికి సీటొస్తే, మిగతావాళ్లలో వందకు ఆరుగురికి. రాజ్ చెట్టి, ఆయన తోటి ఆర్థికవేత్తలు 2023లో ఇంకో లెక్క తేల్చారు. ఒకే స్కోరు వచ్చినా, మధ్యతరగతి పిల్లలకన్నా పైనున్న ఒక్క శాతం ధనికుల పిల్లలకు ఇలాంటి యూనివర్సిటీల్లో అవకాశం రెండింతల పైచిలుకు. 2019లో బయటపడ్డ కుంభకోణంలోనైతే, ఆటే ఆడని పిల్లల్ని ఆటగాళ్లుగా చూపించడానికి దొంగ ఫొటోలు తయారుచేశారు. మన రిజర్వేషన్ చట్టంలో ఉంది, శాతం అందరికీ తెలుసు. వాళ్లది రాయని రిజర్వేషన్. అయినా మెరిట్ లేనోళ్లం మనమే!

అయితే ఆ గడప తొక్కొద్దా? తొక్కాలి. మేము చెప్పేది ఆ మాటే. దారి వంకరదైనా అందులో మనకూ సందుంది. అక్కడి కాలేజీలు చాలావరకు వాడే కామన్ అప్లికేషన్‌లో పది పనులు రాసుకోవచ్చు. అందులో ఇంటి బాధ్యతలకూ, కూలికి చేసిన పనికీ వేరే గడులున్నాయి. మన పిల్లలు వాటిని ఖాళీగా వదిలేస్తారు, ఇదేం గొప్ప అని. అమ్మ కూలికి పోతే తమ్ముళ్లను సాకింది, సెలవుల్లో సెంట్రింగ్ పనికి పోయింది, పత్తి ఏరింది, చదువురాని అమ్మల పొదుపు సంఘానికి లెక్కలు రాసింది, అన్నీ రాయండి. వారానికి ఎన్ని గంటలో, ఏడాదికి ఎన్ని వారాలో ఆ ఫారమే అడుగుతుంది. లెక్క తప్పకుండా చెప్పండి.

వ్యాసంలో జాలి అడుక్కోవద్దు. కష్టం ఒక్కటే చెబితే చాలదు. ఆ కష్టంలో నువ్వేం ఆలోచించావు, ఏం చేశావు, ఏం మారింది, అది చెప్పు. కులం దాచొద్దు. చదివేవాళ్లకు కులమంటే తెలియకపోతే రెండు వాక్యాల్లో చెప్పు. బ్రాండైస్ యూనివర్సిటీ 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో కుల వివక్షను తమ నిషేధాల్లో చేర్చాయి. అక్కడ ఆ మాటకు చోటు సంపాదించింది మనవాళ్ల పోరాటమే.

టీచర్లకు ఒక మాట. 'బుద్ధిమంతుడు, క్రమశిక్షణ గలవాడు' అని కాండక్ట్ సర్టిఫికెట్ లాంటి ఉత్తరం ఎందుకూ పనికిరాదు. ఆ పిల్ల క్లాసులో అడిగిన ప్రశ్న రాయండి, తప్పిన లెక్క మళ్లీ పట్టుబట్టి చేసిన రోజు రాయండి. బడి గురించి రాసే కాగితంలో ల్యాబు లేకపోతే లేదనే రాయండి. బడి ఇవ్వనిదాన్ని బట్టి కూడా పిల్లను అంచనా కడతారు.

డబ్బు సంగతి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హెర్స్ట్, డార్ట్‌మత్ విదేశీ విద్యార్థి విషయంలోనూ డబ్బుందా లేదా అని చూడకుండా ఎంపిక చేస్తాయి, సీటిచ్చాక అవసరమైనంత సాయం చేస్తాయి. మిగతా చాలాచోట్ల విదేశీ విద్యార్థి సాయం అడిగితే అవకాశం తగ్గుతుంది. ఇది తెలిసే దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తు ఫీజు కట్టలేమని మాఫీ అడగొచ్చు. ఈ ముక్క కన్సల్టెంటు లక్షలు గుంజి చెబుతాడు. మేము ఊరికే చెబుతున్నాం.

మరి మన ప్రభుత్వాలేం చేస్తున్నాయి? అంబేద్కర్ 1913లో కొలంబియాకు పోయింది బరోడా మహారాజు స్కాలర్‌షిప్‌తో. అంతటి తెలివికీ ఓడ చార్జీలు కావాల్సొచ్చాయి. ఇవాళ కేంద్రం ఇచ్చే విదేశీ స్కాలర్‌షిప్ పీజీకి, పీహెచ్‌డీకే. ఇంటర్ పాసైన దళిత పిల్లకు అందులో చోటు లేదు. డబ్బున్నోడి పిల్ల పద్దెనిమిదేళ్లకే విమానమెక్కాలి, మన పిల్ల డిగ్రీ అయ్యేదాకా కాచుకోవాల్నా?

మా డిమాండ్లు చిన్నవే. విదేశీ స్కాలర్‌షిప్‌ను డిగ్రీకి కూడా ఇవ్వాలి. ప్రతి గురుకుల కాలేజీలో ఈ పని తెలిసిన టీచరొకరుండాలి. ఎస్ఏటీ ఫీజు ప్రభుత్వమే కట్టాలి. అవి వచ్చేదాకా ఊరుకోవద్దు. అంబేద్కర్ సంఘాల్లో చదువుకున్న అన్నలూ అక్కలూ, ఈ ఏడాది తలా ఒక పిల్ల దరఖాస్తు దగ్గర కూర్చోండి. గడువులు నవంబర్, జనవరి మొదట్లోనే ముగుస్తాయి. తొమ్మిదో తరగతి పిల్లలతో ఇప్పుడే మొదలుపెట్టండి.